చార్టు కత్తిరించి చేసిన విమానం ముక్కెత్తి వెనక్కి పడుతోంది, లోపం ఎక్కడుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా: హన్మకొండలో ఏడో తరగతి చదివే మీ పాప చార్టు పేపరు మీద రెక్క, బాడీ, తోక విడివిడిగా గీసి, కత్తిరించి, అతికించింది. చూడ్డానికి అచ్చం విమానంలాగే ఉంది. వదిలితే మాత్రం ముక్కు పైకెత్తి, ఒక్క క్షణం ఆగి, తోక మీదికి జారి పడిపోతోంది. నోటుబుక్కు కాగితం మడిచి చేసిన మామూలు రాకెట్టేమో గది ఈ చివరి నుంచి ఆ చివరికి పోతోంది. కాగితం మార్చాలా, జిగురు మార్చాలా, డిజైనే తప్పా అని అడిగారు.

సూటిగా చెప్తాను. డిజైన్ తప్పు కాదు. ముక్కు దగ్గర బరువు చాలడం లేదు. ఇప్పుడున్న దానికే ముక్కుకు ఒక చిన్న జెమ్ క్లిప్ పెట్టి చూడండి, చాలకపోతే రెండోది పెట్టండి. వెనక్కి పడడం అక్కడికక్కడే ఆగిపోతుంది. అయితే చార్టు మెత్తన కాబట్టి నాలుగైదుసార్లు ఎగిరేసరికి రెక్కలు వంకర తిరుగుతాయి. అందుకే ఈసారి గట్టి అట్టతో కొత్తది చేయించమంటాను.

మడిచిన రాకెట్టు ఎందుకు ఎగిరిందో చూస్తే మిగతాదంతా అర్థమవుతుంది. రాకెట్టు మడిచేటప్పుడు కాగితం అంతా ముందువైపుకే వచ్చి చేరుతుంది. ముక్కు దగ్గర ఎన్నో పొరలు, తోక దగ్గర ఒకటి రెండే. అంటే మడతే ముక్కుకు బరువు కట్టేసింది, మనం విడిగా ఏమీ చేయనక్కర్లేదు. కత్తిరించి అతికించే విమానంలో అలా కాదు. పొడవాటి బాడీ, దాని చివర తోక, ఆ తోక అతికించిన జిగురు, ఇవన్నీ వెనక్కి లాగుతాయి. గరిమనాభి, అంటే విమానం బరువంతా సరితూగే చోటు, రెక్క వెనక అంచు దాకా జరిగిపోతుంది. అది సరైన చోట, అంటే రెక్క ముందు సగంలో ఉంటే, ముక్కు కాస్త లేచినా రెక్క, తోక కలిసి దాన్ని మళ్లీ దించుతాయి. వెనక ఉంటే ఆ దించే బలమే ఉండదు. లేచిన ముక్కు ఇంకా లేస్తుంది, వేగం పోతుంది, పడిపోతుంది. మీ పాప విమానంలో జరుగుతున్నది సరిగ్గా ఇదే.

అట్ట సంగతి. 200 నుంచి 220 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములు అని) అట్ట కావాలి. స్టేషనరీ దుకాణంలో ఐవరీ షీటు అని అడగండి. శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సుల్లో అంచులు కోసేసిన ముక్కలు మిగులుతుంటాయి, అవి ఈ పనికి చాలా బాగుంటాయి. ఇంట్లో పాత పెళ్లికార్డులు ఉన్నా సరే. అయితే నున్నగా ప్లాస్టిక్ పొర వేసినవి, వెల్వెట్ పూత ఉన్నవి వద్దు, జిగురు పట్టదు. చార్టు పేపరు రోల్ చుట్టి ఇస్తారు కాబట్టి ఇంటికి వచ్చేసరికే దానికి ఒక వంపు ఎక్కి ఉంటుంది, దాన్ని తీయడం కష్టం.

అట్టకు చెక్కలాగే ఒక వాటం ఉంటుంది. నారలన్నీ ఒక దిక్కుకే పడుకుని ఉంటాయి. 15 మి.మీ. వెడల్పు, 150 మి.మీ. పొడవు ఉన్న రెండు పట్టీలు ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా కోయండి. రెండింటినీ పక్కపక్కనే పెట్టి ఒక చివర పట్టుకోండి. ఒకటి ఎక్కువ వాలుతుంది, ఒకటి నిటారుగా ఉంటుంది. నిటారుగా ఉన్న పట్టీ ఏ దిక్కున కోశారో అదే నార దిక్కు. రెక్క పొడవు, బాడీ పొడవు ఆ దిక్కునే రావాలి. దీన్ని పట్టించుకోకపోతే రబ్బరు బ్యాండుతో లాగి వదిలినప్పుడు రెక్కలు పైకి ముడుచుకుపోతాయి, తప్పంతా జిగురు మీదకు పోతుంది.

ఇక కొలతలు. ఒక ఏ4 షీటులో అన్నీ పడతాయి, తప్పుపోతే వాడుకోవడానికి ఇంకోటి దగ్గర పెట్టుకోండి.

రెక్క ఒకటే ముక్క: పొడవు 200, వెడల్పు 40 మి.మీ., కొసల మూలలు గుండ్రంగా. రెక్క కింద నడుమ వేసే పట్టీ 90 × 20. తోక రెక్క 80 × 25. దాని ముందు అంచు మధ్యలో నుంచి వెనక్కి 20 మి.మీ. చీలిక పెట్టాలి, వెనక 5 మి.మీ. కోయకుండా ఉండాలి.

బాడీ పొడవు 190. ముందు 95 మి.మీ. దాకా ఎత్తు 18, అక్కడ నుంచి కింది అంచు పైకి వాలుతూ తోక చివరికి 6 మి.మీ. అవుతుంది. పై అంచు మాత్రం మొత్తం ఒకే గీతలో ఉండాలి. ఈ ఆకారంలో నిండు ముక్కలు మూడు. నడిమి ముక్కకే నిలువు తోక కలిపి గీయండి: అడుగున 20, ఎత్తు 35 మి.మీ. విడిగా అతికించే నిలువు తోక ఎప్పుడూ ఒక పక్కకు ఒరుగుతుంది, కలిపి కోస్తే ఆ బాధ ఉండదు. మిగతా రెండు నిండు ముక్కలకు తోక రెక్క వచ్చే చోట, పై అంచున 6 మి.మీ. చెవులు, అంటే బయటికి మడిచి జిగురు పెట్టే అంచులు వదలండి. ఇవి కాక ముక్కు నుంచి 110 మి.మీ. దాకా మాత్రమే వచ్చే పొట్టి ముక్కలు రెండు. వీటికి ముక్కు నుంచి 55 మి.మీ. దగ్గర మొదలై 95 దగ్గర ముగిసే చెవులు, 8 మి.మీ. వెడల్పు. రెక్క కూర్చునేది వీటి మీదే.

మడతలు వచ్చే చోట అయిపోయిన పెన్ను రీఫిల్‌తో స్కేలు పట్టి ఒకసారి గట్టిగా గీసి, ఆ తర్వాత మడవండి. కట్టర్‌తో గీస్తే అట్ట సగం తెగి, రెండు మూడు దెబ్బలకే చెవి ఊడిపోతుంది.

జిగురు దగ్గరే చాలా విమానాలు పాడవుతాయి. తెల్ల జిగురులో నీళ్లుంటాయి. నీళ్లు తాగిన అట్ట ఉబ్బుతుంది, ఆరేటప్పుడు ఒక పక్క ముందు ఆరి వంగుతుంది. తోక చెవులకు చిన్న చుక్క పెట్టడానికి పర్వాలేదు కానీ బాడీ పొరలన్నిటికీ పూస్తే అరటికాయలా వంగిన బాడీ వస్తుంది. చెప్పులకు, రెక్సిన్‌కు వాడే రబ్బరు జిగురు తీసుకోండి. రెండు ముక్కలకూ పల్చగా, అట్ట ముక్కతో గీకినట్టు పూసి, ఐదు నుంచి పది నిమిషాలు ఆగి, వేలికి అంటీ అంటనట్టు అయ్యాక అతికించండి. ఒకసారి అంటితే జరపడం కుదరదు కాబట్టి ముందు ముక్కు కలిపి, తర్వాత వెనక్కి ఒత్తుకుంటూ పోవాలి. వాసన ఘాటుగా ఉంటుంది, కిటికీలు తెరిచి పెద్దవాళ్లు దగ్గరుండి చేయించండి. తెల్ల జిగురే ఉంటే వీలైనంత పల్చగా పూసి, పైనా కిందా పాలిథీన్ కవరు వేసి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచండి. క్షణంలో అంటుకునే ట్యూబు జిగురు వద్దు. అట్టలోకి ఇంకి పెళుసుగా చేస్తుంది, పిల్లల వేళ్లూ అంటుకుంటాయి.

అతికించే వరుస: నడిమి ముక్కకు రెండు వైపులా నిండు ముక్కలు, వాటి బయట పొట్టి ముక్కలు. మొత్తం ముందు ఐదు పొరలు, వెనక మూడు. చెవులకు జిగురు అంటనీయొద్దు. ఆరాక బాడీని కంటికి ఎదురుగా, తుపాకీ గురి చూసినట్టు పట్టుకుని చూడండి. వంకర ఉంటే ఇప్పుడే వేళ్లతో సవరించాలి, రెక్క ఎక్కాక కుదరదు.

రెక్కను అతికించే ముందే దానికి కొద్దిగా వంపు ఇవ్వాలి. టేబుల్ అంచు మీద కాదు, అక్కడ మడత పడుతుంది. అరచేతిలో పెట్టుకుని లావు పెన్సిల్‌తో మెల్లగా ఒత్తుతూ దొర్లించండి. స్కేలు పెట్టి చూస్తే 40 మి.మీ. వెడల్పుకు నడిమిన 1.5 నుంచి 2 మి.మీ. ఉబ్బు ఉండాలి, ఆ ఉబ్బు ముందు అంచుకు దగ్గరగా ఉండాలి. ఇంతకన్నా ఎక్కువ వంచితే గాలిని అడ్డుకోవడం తప్ప లాభం లేదు. తోక రెక్క మాత్రం పలకలా చదునుగానే ఉండాలి. రెక్క మధ్యలో రీఫిల్ గీత గీసి, కొసలు రెండూ 20 నుంచి 22 మి.మీ. పైకి లేచేలా మడిచి, కింది పట్టీని కూడా అదే కోణంలో మడిచి అతికించండి. రెండు కొసల కిందా అగ్గిపెట్టెల్లాంటివి సమానంగా ఆనించి ఆరబెడితే కోణం మారదు. విమానం పక్కకు ఒరిగినప్పుడు తిరిగి సర్దుకునేది ఈ కోణం వల్లే.

తోక రెక్కను వెనక నుంచి ముందుకు తోస్తే నిలువు తోక దాని చీలికలోకి ఎక్కుతుంది. కింద చెవులకు చుక్క జిగురు చాలు.

ఇప్పుడు తూకం, అంటే గరిమనాభిని సరైన చోటికి తేవడం. ఇక్కడ కాస్త ఓపిక కావాలి. రెక్క అడుగున, బాడీకి ఆనుకుని రెండు పక్కలా, ముందు అంచు నుంచి 16 మి.మీ. దగ్గర పెన్సిల్‌తో గీతలు పెట్టండి. ఆ గీతల కింద రెండు పెన్సిల్ మొనలు ఆనించి లేపండి. విమానం చదునుగా నిలవాలి, లేదా ముక్కు వీసమంత దిగాలి. తోక దిగితే ముక్కుకు బరువు కట్టండి. ఈ కొలతలకు విమానం మొత్తం 6 గ్రాముల చుట్టూ వస్తుంది, అందులో ముక్కు బరువే దాదాపు 1 గ్రాము. జిగురు ఎంత పూశారన్న దాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది.

ఆ గ్రామును జెమ్ క్లిప్‌తో మొదలుపెట్టొచ్చు, కానీ శాశ్వతంగా పెట్టేది అట్ట ముక్కలతోనే బాగుంటుంది. 210 జీఎస్‌ఎం అట్టలో 18 × 27 మి.మీ. ముక్క 0.1 గ్రాము. ముక్కుకు రెండు వైపులా ఒక్కొక్కటే అంటించుకుంటూ పోతే లెక్క మీ చేతిలో ఉంటుంది. ముక్కు దగ్గర 0.1 గ్రాము పెడితే తూకం దాదాపు 1 మి.మీ. ముందుకు జరుగుతుంది, తీస్తే అంతే వెనక్కి. తోక వైపు ఇంకా నిక్కచ్చిగా ఉండాలి: తోక మీద 0.1 గ్రాము జిగురు ఎక్కువైతే దాన్ని సరిచేయడానికి ముక్కుకు 0.17 గ్రాము కావాలి. తోకకు రంగులు, స్టిక్కర్లు వద్దని పాపకు ముందే చెప్పండి, రెక్కల మీద వేసుకోమనండి.

మొదటి వదులు గడ్డి మీద గానీ, బొంత పరిచి గానీ. గాలి అసలు ఉండొద్దు. పగటిపూట ఖాళీగా ఉన్న ఫంక్షన్ హాల్ దొరికితే అంతకు మించింది లేదు. భుజం ఎత్తున పట్టుకుని, ఎదురుగా ఏడెనిమిది మీటర్ల దూరంలో నేల మీద ఒక చోటు చూసి, ముక్కు అటే ఉంచి మెల్లగా తోసి వదిలేయండి. విసరొద్దు. పిల్లలు చేసే మొదటి తప్పు ఇదే: రాకెట్టు అలవాటుతో పైకి గట్టిగా విసురుతారు, అప్పుడు ఏ లోపం ఎందుకు వచ్చిందో ఎవరికీ తెలియదు.

సరిగ్గా ఉన్న విమానం భుజం ఎత్తు నుంచి ఏడెనిమిది మీటర్లు చదునుగా జారి దిగుతుంది. లేకపోతే:

నేరుగా ముక్కు మీద పడితే తోక రెక్క వెనక అంచు రెండు పక్కలా సమానంగా 1 మి.మీ. పైకి తిప్పండి. మడత పడనీయొద్దు, వేళ్ల మధ్య మెల్లగా ఒంపు తిప్పాలి. 2 మి.మీ. దాటి తిప్పాల్సి వస్తే ముక్కు బరువు ఎక్కువైనట్టు.

లేచి, ఆగి, దిగి, మళ్లీ లేచి, అలలా పోతే తోక అంచును ముందు చదును చేయండి. అప్పటికీ ఆగకపోతే ముక్కుకు 0.1 గ్రాము పెట్టండి.

ఒక పక్కకు తిరిగిపోతే వెంటనే నిలువు తోక మీద చేయి వేయొద్దు. వెనక నుంచి ఒక కన్ను మూసి చూడండి. ఒక రెక్క వెనక అంచు ఇంకో దాని కన్నా వెంట్రుక వాసి కిందికి కనిపిస్తే అదే కారణం. వంకర తీసేశాక కూడా తిరుగుతుంటే అప్పుడు నిలువు తోక. ఇంకో గుర్తు: వేగంగా ఉన్నప్పుడు ఎక్కువ తిరిగితే అది వంకర. వేగం తగ్గి దిగబోతూ ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క రెక్క బరువు ఎక్కువ, రెండో కొసకు చిన్న అట్ట ముక్క అంటించండి.

ఒకసారికి ఒకటే మార్పు. మార్చాక కనీసం మూడుసార్లు వదిలి చూడాలి. ఒక వదులును నమ్మొద్దు.

తర్వాత మీరు తప్పక ఎదుర్కొనేది ఒకటి ఉంది, ముందే చెప్తాను. చేత్తో వదిలితే చక్కగా జారే విమానం, రబ్బరుతో కొట్టగానే గుండ్రంగా పల్టీ కొట్టి నేలకు గుద్దుకుంటుంది. ముక్కు లేస్తోంది కదా అని అందరూ ముక్కుకు ఇంకా బరువు కడతారు. అప్పుడు మెల్లగా వదిలినప్పుడు ముక్కు దిగుతుంది. దానికి తోక అంచు ఇంకా పైకి తిప్పుతారు. ఈసారి పల్టీ ఇంకా చిన్నదై, ఇంకా గట్టిగా గుద్దుకుంటుంది. కారణం ఇది: తోక అంచు చేసే పని వేగంతో పాటు పెరుగుతుంది, వేగం రెండింతలైతే ఆ బలం నాలుగింతలు. ముక్కు బరువేమో ఏ వేగంలోనైనా అంతే. నిదానంగా ఉన్నప్పుడు సరితూగిన రెండూ, వేగంలో తోక వైపే మొగ్గుతాయి. కాబట్టి పల్టీకి మందు బరువు పెంచడం కాదు, తగ్గించడం. 0.1 గ్రాము తీయండి, తోక అంచు అర మిల్లీమీటరు దించండి, చేత్తో వదిలి చూడండి, మళ్లీ రబ్బరుతో చూడండి. తూకం గీత 16 నుంచి 18 మి.మీ. దాకా వెనక్కి రావొచ్చు. 20 దాటితే ఈ కొలతల విమానం నిలకడ పోతుంది, అక్కడ ఆగండి.

రబ్బరుతో వదిలేందుకు ముక్కు నుంచి 25 మి.మీ. దగ్గర బాడీ అడుగున వెనక్కి వాలిన కొక్కెం లాంటి గాటు పెట్టండి. ఐదు పొరలున్నాయి కాబట్టి చిరగదు. మూడు నాలుగు సన్న రబ్బరు బ్యాండ్లు ఒకదానికొకటి ముడేసి 15 సెం.మీ. కర్రకు కట్టాలి. కుడిచేతి వాళ్లయితే కర్ర ఎడమ చేతిలో, బాడీ తోక చివర కుడిచేతి వేళ్లలో. విమానాన్ని కుడివైపుకు సగం ఒరగబెట్టి, ముక్కు 45 డిగ్రీలు పైకి పెట్టి వదలండి. నిలువు తోక వెనక అంచు అర మిల్లీమీటరు ఎడమకు తిప్పి ఉంచండి. వేగంలో లేచే ముక్కు పల్టీ కొట్టే బదులు కుడివైపు మెలి తిరుగుతూ పైకి పోతుంది, పైన వేగం తగ్గాక ఎడమకు తిరుగుతూ దిగుతుంది. మంచిగా కుదిరితే పది మీటర్ల ఎత్తు పోయి, సెకనుకు దాదాపు మీటరు లెక్కన దిగుతుంది. ముక్కు గుండ్రంగా కోసి ఇన్సులేషన్ టేపు చుట్టండి. ముందర ఎవరూ నిలబడకూడదు, ఇది కంటికి తగిలితే చిన్న దెబ్బ కాదు.

మడిచేదే మేలు కదా అని పాప అడిగితే, రెండూ వేరు విద్యలని చెప్పండి. కాగితం మడిచే పద్ధతిలో జపాన్‌కు చెందిన టకువో తోడా 2010లో 29.2 సెకన్లు గాల్లో నిలిపారు. ఇలా అట్ట కోసి పొరలు అతికించే పద్ధతికి పేరు తెచ్చింది అదే దేశపు ఇంజనీరు యాసువాకి నినోమియా. 1967లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన మొదటి అంతర్జాతీయ కాగితపు విమానాల పోటీలో ఆయన బహుమతి గెలిచారు.

మన దగ్గర వాతావరణం గురించి. చలికాలం పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా గాలి పెద్దగా ఉండదు, జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) గ్రౌండ్ లాంటి విశాలమైన చోట వదిలి చూసి సరిచేసుకోవడానికి అదే సమయం. భద్రకాళి చెరువు కట్ట మీద వద్దు, నీళ్ల మీది గాలి లాక్కెళ్తుంది, తడిసిన అట్ట మళ్లీ పనికిరాదు. పది దాటాక ఎండ ఎక్కితే నేల వేడికి గాలి పైకి లేస్తుంది. గద్దలు రెక్కలాడించకుండా చుట్లు తిరుగుతున్న చోట అదే జరుగుతోంది. పత్తి ఏరే రోజుల్లో దూది పింజలు పైకి తేలిపోవడం కూడా చూస్తాం. ఆ గాలిలో పడితే మీ విమానం కళ్ల ముందే కొట్టుకుపోవచ్చు, రెక్క మీద పాప పేరు రాసి ఉంచండి. సంక్రాంతి రోజుల్లో పతంగుల మాంజా ఉన్న చోటికి వెళ్లొద్దు.

వానకాలంలో అట్ట తేమ పీల్చి మెత్తబడుతుంది, నిన్న సరిగ్గా ఎగిరింది ఇవాళ పక్కకు పోతుంది. వార్నిష్ పల్చగా పూస్తే కొంత ఆగుతుంది కానీ తోకకు కూడా బరువు పెరుగుతుంది, పూశాక తూకం మళ్లీ చూడాల్సిందే. దాచడానికి చీర అట్టపెట్టె చాలు, రెక్కల మీద ఏమీ ఆనకుండా పెట్టండి. బండి డిక్కీలో ఎండకు వదిలేస్తే ఒక్క మధ్యాహ్నానికే రెక్కలు మెలి తిరుగుతాయి.

కొత్తది చేశాక ఇంకా తేడా ఉంటే ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి ఫోటో పెట్టండి. తూకం గీత ముందు అంచు నుంచి ఎన్ని మిల్లీమీటర్లలో నిలుస్తోందో, తోక అంచు ఎంత తిప్పారో కూడా రాయండి. ఆ రెండు అంకెలు తెలిస్తే మిగతాది ఇక్కడి నుంచే చెప్పొచ్చు.